గాయమునకు ముందు మనస్సు

బరిలో ఆటగాడు కూలిన తోడనే చుట్టును చేరిన నలుగురు వేయు ప్రశ్నలు అందరకు తెలిసినవే. నేల తడిసియున్నదా? కాలిజోడు జారినదా? ఎదుటివాడు అడ్డదిడ్డముగా పట్టినాడా? ఇంటికి చేర్చిన పిమ్మట తల్లి ఉప్పును, ఎండుమిరపకాయలను దిగదుడిచి నిప్పులలో వేయును. వైద్యుడు ఎముకను ఛాయాచిత్రమున చూచి కట్టు కట్టును. పందెము నడిపించిన పెద్దలు వైద్యమునకు కొంత ధనమిచ్చి తమ ధర్మము తీరినదని తలంతురు. ఇన్ని ప్రశ్నలలో ఎవ్వరును అడుగని ప్రశ్న ఒక్కటి కలదు. ఆ దినమున, ఆ వారమున, ఆ యువకుని మనస్సు ఎట్లుండెను?

ఇది వేదాంతుల ప్రశ్న కాదు. గత యేబది యేండ్లుగా వైద్యులును, మనశ్శాస్త్రజ్ఞులును ఆటగాండ్రను లెక్కించి, ప్రశ్నించి, నెలల తరబడి కనిపెట్టి తేల్చిన విషయము. చింతలో మునిగిన ఆటగాడు చింత లేని ఆటగానికంటె హెచ్చుగా గాయపడును. మన పల్లెలలో ఎద్దులు తోలు రైతు సయితము ఏదో యొకనాడు కొడవలి వ్రేలికి తగిలించుకొన్నవానిని చూచి, “వానికి మనస్సు మనస్సులో లేదు” అనును. పొలమున ఇంత సులభముగా గ్రహించిన సత్యమును క్రీడాంగణమునకు వచ్చుసరికి మనము మరచుచున్నాము. అచ్చట మాత్రము మనస్సు చెదరినవాడు పిరికివాడగును, నిలుపుమని కోరినవాడు ద్రోహియగును. ఈ భావమే ఎందరి కాళ్లను విరుగగొట్టుచున్నదో చూపుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట ఒక దుఃఖకరమైన చరిత్రను చెప్పవలసియున్నది. యెలీనా ముఖినా 1960లో మాస్కో నగరమున జన్మించెను. బాల్యముననే తల్లిని కోల్పోయి అవ్వ పెంపకమున పెరిగినది. జిమ్నాస్టిక్సు విద్యయందు అసామాన్య పరిశ్రమ చేసి 1978లో స్ట్రాస్‌బర్గు నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో, నాదియా కొమనేచి వంటి ప్రతిభావతి పాల్గొన్న రంగముననే, సమగ్ర విజేతయయ్యెను. అప్పటికామె వయస్సు పదునెనిమిది. మరుసటి సంవత్సరము ఆమె కాలు విరిగినది. ఆ 1979లోనే ప్రపంచ పోటీల జట్టు బహుమానము సోవియట్లను వీడి రుమేనియాకు పోయెను. 1980లో ఒలింపిక్సు మాస్కోలోనే జరుగవలసియుండెను. తమ రాజధానిలో, తమ ప్రజల యెదుట, కోల్పోయిన కీర్తిని మరల గడింపవలెనని అధికారులకును, శిక్షకులకును గలిగిన ఆరాటమంతయు ఇరువది యేండ్ల యువతి కాలిమీద మోపబడెను. ఆ కాలు ఇంకను పూర్తిగా అతుకుకొనలేదు.

అభ్యాసమున ఆమెకు నిర్ణయించిన విద్య ‘థామస్ సాల్టో’ అనునది. గాలిలో ఎగిరి పల్టీకొట్టుచు, మెలి తిరుగుచు, కాళ్లపై నిలువక ముందునకు దొర్లుటతో అది ముగియును. అమెరికా దేశపు పురుష జిమ్నాస్టు కర్ట్ థామస్ పేరిట ప్రసిద్ధమైనది. ఎత్తు కొంచెము తగ్గినను, త్రిప్పుట కొంచెము వెనుకబడినను మెడపై పడుట తప్పదు. బలము తగ్గిన కాలితో ఎత్తు సాధించుట దుస్సాధ్యము. ఈ సంగతి ఆమెకు తెలియును. 1980 జులై 3వ తేదీన, ఒలింపిక్సు ఆరంభమునకు పదునారు దినములకు ముందు, మిన్‌స్క్ నగరమున అభ్యాసము చేయుచుండగా ఆమె గడ్డము నేలకు తాకి మెడ యెముక విరిగెను. ఆ క్షణము మొదలుకొని 2006 డిసెంబరులో నలుబదియారవ యేట మరణించువరకు ఆమె మంచమునకే అంకితమయ్యెను.

ఈ సంఘటనను గూర్చి సోవియట్ దేశమున చాల కాలము స్పష్టముగా మాటలాడినవారు లేరు. 1988లో ‘ఒగోన్యోక్’ పత్రికతో ముచ్చటించుచు ఆమెయే కొన్ని సంగతులను వెల్లడించెను. ఆ విద్యవలన తన మెడ విరుగునని తాను శిక్షకునితో పలుమారు చెప్పితిననియు, నీవంటివారి మెడలు విరుగవని అతడు సమాధానమిచ్చెననియు ఆమె చెప్పినది. నేలపై పడియున్నప్పుడు తన మనస్సున మొదట మెదలిన భావము, ఇక ఒలింపిక్సునకు పోనక్కరలేదు గదా యను ఊరటయట! ఈ యొక్క మాటలో ఎంత చరిత్ర యిమిడియున్నదో పాఠకులు యోచింతురుగాక. ఆమెకు భయము కలుగుట దోషము కాదు. ఆ భయము యథార్థమునే చెప్పుచుండెను. వినవలసినవారు వినకపోవుటయే ఆమె మెడను విరిచినది. కొంత కాలమునకు ఆ విద్య స్త్రీల పోటీలనుండి తొలగింపబడెను.

మనస్సునందలి భారము దేహమున గాయముగా నెట్లు పరిణమించును? 1988లో జీన్ విలియమ్సు, మార్క్ ఆండర్సెన్ అను ఇరువురు మనశ్శాస్త్రజ్ఞులు దీనికొక వివరణమొసగిరి. దానినే నేటికిని తక్కినవారు పునాదిగా గ్రహించుచున్నారు. పోటీ క్షణమున ఆటగాడు రెండు లెక్కలు వేసికొనును. ఎదుటనున్న పని యెంత, దానికి తన శక్తి యెంత అనునవి ఆ లెక్కలు. పనికి శక్తి చాలదని తోచినపుడు దేహము వెంటనే మారును. కండరములు బిగిసికొనును. ఒక దానితో నొకటి కలిసి పనిచేయవలసిన కండరములు పరస్పరము పెనగులాడును. చూపు సొరంగములోనుంచి చూచినట్లు ఇరుకగును. ఎదురుగానున్నది కనబడును గాని ప్రక్కనుండి దూసికొని వచ్చువాడు కనబడడు. చిత్తము పనికిరాని విషయములకు పరుగులెత్తును. మహాభారత యుద్ధారంభమున అర్జునునకు నోరెండి, ఒడలు కంపించి, గాండీవము చేజారినదని విందుము గదా. అంతటి విలుకానికే పట్టు జారినప్పుడు ఇంటరు చదువు బాలునికి కాలు జారుటలో వింతయేమున్నది?

ఇక్కడ ఒక సూక్ష్మమును గమనింపవలెను. మోకాలు లోలోపలనే తెగుటకు ఎదుటివాని దెబ్బ అక్కరలేదు. పరుగెత్తుచు హఠాత్తుగా దిశ మార్చునపుడు, ఎగిరి దిగునపుడు, కాలు ఒక్క క్షణము తప్పుగా నానినను మోకాటిని బిగించి నిలుపు కట్టు, వైద్యులు ఏ.సీ.ఎల్. అనునది, పుటుక్కున తెగును. అమెరికాలో స్వానిక్ మొదలగువారు 2007లో ప్రకటించిన పరిశోధన యొకటి దీనిపై చక్కని వెలుగు ప్రసరింపజేసెను. ఆటల కాలము ఆరంభము కాకమునుపే విద్యార్థి క్రీడాకారులకు చురుకుదనమును, స్మృతిని పరీక్షించియుండిరి. పిమ్మట ఎవ్వరును తాకకుండగనే మోకాలు తెగినవారు ఎనుబదిమందిని, వారికి సరిజోడైన వేరు ఎనుబదిమందిని పోల్చి చూచిరి. గాయపడినవారికి మొదటినుండియు ప్రతిస్పందన మందముగాను, గ్రహణవేగము తక్కువగాను ఉండెనని తేలినది. కాలు ఎచ్చట మోపవలెనో మెదడు ఆలస్యముగా చెప్పిన, ఆ ఆలస్యమునకు మూల్యము మోకాలు చెల్లించును. నిద్ర చాలనివాడును, ఇంటి బెంగ పెట్టుకొన్నవాడును ఇట్టి ఆలస్యమునకే గురియగుదురని ఊహించుటకు పాండిత్యమక్కరలేదు.

చింతకును గాయమునకును గల సంబంధమును మొదట లెక్కలతో కొలిచినది కూడ అమెరికావారే. 1967లో థామస్ హోమ్సు, రిచర్డ్ రాహే అను వైద్యులు మానవ జీవితమున కలుగు మార్పులను 43గా పట్టిక వేసి ఒక్కొక్కదానికి బరువు కట్టిరి. భార్య గాని భర్త గాని మరణించుట నూరు, వివాహము యేబది. శుభకార్యమునకును బరువు కట్టిరేమని ఆశ్చర్యపడనక్కరలేదు. ఆడపిల్ల పెండ్లి చేసిన గృహస్థు నడిగిన, శుభమెంత బరువో చెప్పగలడు. ఈ పట్టికను క్రీడాకారులకు తగినట్లు మార్చి ఒక విశ్వవిద్యాలయపు ఆటగాండ్రు 82 మందికి అన్వయించి 1975లో ఫలితములు ప్రకటించిరి. వారాడునది మనమెరిగిన కాలిబంతి యాట కాదు. ఒకరినొకరు ఢీకొని పడగొట్టు అమెరికను ఫుట్‌బాలు. జీవితమున మార్పులు తక్కువగానున్నవారిలో నూటికి ముప్పదిమంది, మధ్యమముగానున్నవారిలో యేబదిమంది, హెచ్చుగానున్నవారిలో డెబ్బదిముగ్గురు గాయపడిరి.

ఈ యంకెలను చూచి మనస్సే సర్వమనుట తొందరపాటగును. పిమ్మట ఎన్నో పరిశోధనలు జరిగినవి. ఆండ్రియాస్ ఇవార్సన్ మొదలగువారు 2017లో అట్టివానిని నలుబదియెనిమిదింటిని ఒక చోట చేర్చి తూచిరి. గత జీవితమందలి కష్టములకును గాయమునకును సంబంధమున్నదిగాని అది స్వల్పమనియు, ఒత్తిడి కలిగినపుడు దేహమును మనస్సును స్పందించు తీరునకు గల సంబంధము అంతకంటె కొంత బలమైనదనియు తేల్చిరి. నేల గట్టిదనము, మితిమీరిన శ్రమ, మానని పాత గాయము, ఎదుటివాని మొరటుతనము, వీని ప్రభావమును ఎవ్వరును కాదనలేరు. ఐనను నేలను చదును చేయించుటకు కమిటీ వేయుదుము, మనస్సును గూర్చి ప్రశ్న వేయువాడు మాత్రము ఉండడు.

కష్టములన్నియు అందరిని సమముగా గాయపరుపవనుట మరియొక ముఖ్య విషయము. రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనువారు తమ మిత్రునితో కలిసి 1990లో ఉన్నత పాఠశాలల బాలబాలికలు 451 మందిని గూర్చి చేసిన పరిశోధన ఈ విషయమున మాకు మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. కష్టములు కలిగిన పిల్లలలో గాయములు హెచ్చినది ఎవరికి? ఆదరించువారు లేక, తమంతట తాము ఒత్తిడిని తట్టుకొను నేర్పును లేక, రెండు విధములను పేదలైనవారికే. ఈ రెండింటిలో ఒకటియైన సమృద్ధిగానున్నవారిలో ఆ సంబంధము కనబడలేదు. అనగా ఇంట నొక పెద్దదిక్కో, జట్టులో నొక స్నేహితుడో, ఓపికగా వినెడు శిక్షకుడో ఉండుట గుండెకు ధైర్యము మాత్రమే కాదు, ఎముకకు రక్షణము కూడ. తల్లి దిష్టి తీయుటను నవ్వుచు త్రోసివేయు విద్యాధికులు, ఆ మిరపకాయల పొగలో బిడ్డకు కలుగు ఊరటను గూడ త్రోసివేయకుందురుగాక.

విద్యార్థుల విషయము మనకు మరింత దగ్గరిది. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు విశ్వవిద్యాలయమున ఫుట్‌బాలు ఆటగాండ్రు 101 మంది గాయములను వారము వారము లెక్కించి 2016లో ప్రకటించిరి. దేహశ్రమ అధికముగానుండు శిక్షణ శిబిరపు వారములలో గాయములు హెచ్చుట సహజమే. కాని పరీక్షల వారములలో సయితము గాయములు స్పష్టముగా హెచ్చెను. బరిలో తరచుగా నిలిచి ఆడువారికి పరీక్షల కాలము శిబిరపు కాలముకంటె ఏమాత్రమును తక్కువ ప్రమాదకరము కాలేదు. మన తెనుగుదేశమున ఇంటరు చదువు అనుభవించు బాలుని స్థితి ఇంతకంటె సుఖమని ఎవ్వరైన చెప్పగలరా? తెల్లవారుజామున లేచి పాఠములు వల్లించి, పగలు పరీక్ష వ్రాసి, సాయంకాలము జిల్లా జట్టు ఎంపికకు పరుగెత్తువాడు, రాత్రి ర్యాంకు తగ్గినందుకు తండ్రిచేత చీవాట్లు తిని, తెల్లవారి శిక్షకునిచేత బద్ధకస్థుడనిపించుకొనును. క్రీడల కోటాలో సీటు వచ్చునను ఆశయు ఆ బరువునకు తోడగును. అట్టివాడు ఎంపికనాడు మోకాలు పట్టుకొని కూలిన, దానికి నేలను నిందించుట న్యాయమా?

నిద్రను గూర్చి ఒక్క మాట. అమెరికాలో మిలెవ్‌స్కీ మొదలగువారు పాఠశాల క్రీడాకారులు 112 మందిని పరిశీలించి, రాత్రి ఎనిమిది గంటలకంటె తక్కువగా నిద్రించువారు తక్కినవారికంటె 1.7 రెట్లు హెచ్చుగా గాయపడినట్లు 2014లో తెలిపిరి. మన సుశ్రుతుడు వ్యాయామమును శక్తిలో సగము మేరకే చేయవలెనని విధించి, చెమట పట్టు చోటులను గూడ గుర్తుగా చెప్పియున్నాడు. ప్రాచీనులు సర్వము నెరిగిరని మేమనుట లేదు. ఆధునిక పోటీకి సగము శక్తి చాలదు. ఐనను శక్తికొక హద్దున్నదని, హద్దు దాటకుండ నిలుపుటయే విద్యయని ఆయన గ్రహించినంతగా మన శిక్షకులలో పలువురు గ్రహింపలేదు.

సంక్రాంతి పండుగకు మన గ్రామములలో జరుగు కబడ్డీ పందెములను చూచినవారికి ఈ క్రింది మాటలలో క్రొత్తదనము లేదు. కూతకు పోవువాడు ఒక్క ఊపిరిలో ముప్పది క్షణములపాటు ఏడుగురి నడుమ తిరిగి రావలెను. రెండు కూతలు వరుసగా వట్టివైపోయిన, మూడవ కూతలో పాయింటు తేకున్న తానే వెడలిపోవలెనను నియమము వృత్తి పోటీలలో నున్నది. చూపరులకు అదియే రసకందాయము. ఆ కూతగానికి మాత్రము అది పైన చెప్పిన సొరంగపు చూపు కలుగు క్షణము. మూలనున్నవాడు చీలమండను అందుకొనుట అతనికి కనబడదు. ఆ మూడవ కూతలలో గాయములు హెచ్చునని లెక్కలు చూపజాలముగాని, ఇంతవరకు చెప్పిన కారణములన్నియు అచ్చటనే గుమిగూడియున్నవనుట స్పష్టము. దీనికి తోడు బరి గట్టుననుండి వచ్చు హెచ్చరికలెట్టివి? “ఏమిరా, భయమా? గాజులు తొడిగించుకొని ఇంట కూర్చుండుము!” ఊరి పరువు, కులపు పరువు, కప్పు నిచ్చిన దాత పరువు, అన్నియు ఆ పందొమ్మిదేండ్ల వాని చీలమండకు కట్టుదురు. మడమ బెణికినదని చెప్పిన సాకు అందురు. చెప్పక ఆడి కాలు విరిగిన, పాపమందురు.

భయము లేనివాడు క్షేమముగా నుండునని గూడ తలంపరాదు. అమెరికను ఫుట్‌బాలులో తలను రక్షించుటకై గట్టి శిరస్త్రాణములు, ముఖమునకు కడ్డీల కవచములు వచ్చిన పిమ్మట, తలకు దెబ్బ తగులదను ధీమాతో ఆటగాండ్రు పొట్టేళ్లవలె తలతోనే గ్రుద్దుట అలవరచుకొనిరి. పుర్రెలు నిలిచినవిగాని మెడలు విరిగినవి. 1976లో మెడ విరిగి కాలుసేతులు పడిపోయినవారు 34 మంది. ఆ సంవత్సరమే తలతో గ్రుద్దుటను నిషేధించిరి. 1984 నాటికి అట్టివారు ఐదుగురికి తగ్గిరి. కవచము మనస్సును మార్చినది. మనస్సు ఆటను మార్చినది. నియమము ఆ రెంటిని మరల దారికి తెచ్చినది. కనుక మేము కోరునది భయము కాదు, నిర్భయమును కాదు. తన స్థితిని తానెరిగి పలుకగల స్వాతంత్ర్యము.

అట్టి స్వాతంత్ర్యమునకు నిదర్శనము నలుబది యేండ్ల వ్యవధిలో అదే జిమ్నాస్టిక్సు విద్యలో లోకమునకు కనబడినది. 2020లో జరుగవలసి, మహమ్మారివలన 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో, జులై 27వ తేదీన అమెరికా దేశపు సిమోన్ బైల్సు వాల్టుపైనుండి ఎగిరి గాలిలో రెండున్నర మెలికలు తిరుగవలసియుండగా ఒకటిన్నర మాత్రమే తిరిగి ఏలాగో కాళ్లపై దిగెను. గాలిలో తానెచ్చటనున్నదో మెదడునకు తెలియకపోవుట ఆ విద్యనభ్యసించువారికి పరిచయమైన వ్యాధియే. దేహమున ఏ లోపమును లేదు. ఐనను తలక్రిందుగా పడుట నిశ్చయము. ఆమె వెంటనే జట్టు పోటీనుండి తప్పుకొనెను. అమెరికా జట్టు రజతముతో తృప్తిపడవలసివచ్చెను. లోకమున కొందరు మెచ్చిరి, కొందరు ఎగతాళి చేసిరి. దేశము పరువు తీసినదనిరి. ఒక వారము గడచిన పిమ్మట దూలముపై విద్యకు మాత్రము వచ్చి కాంస్యము గెలిచెను. మూడేండ్లకు, 2024లో పారిస్ నగరమున మూడు స్వర్ణములు, ఒక రజతము సాధించెను. ముఖినాకును ఈమెకును గల భేదము ధైర్యమున లేదు. ఒకతె మాట వినబడెను, రెండవయామె మాట వినబడలేదు. దేశమునకై ప్రాణమీయుమనుట మాకు పరిచితమైన మాటయే. కాని పతకముకై మెడ నిమ్మనుట దేశభక్తి కాదు. చూడవచ్చినవారి వినోదమే ఆ వేషము ధరించినది.

గాయము తగిలిన పిమ్మట మనస్సు పని తీరిపోదు. అక్కడనే రెండవ గండము ఆరంభమగును. తెగిన మోకాటి కట్టును శస్త్రచికిత్సచే సరిచేయించుకొన్నవారిని గూర్చి ఆర్డెర్న్ మొదలగువారు 2014లో సమకూర్చిన లెక్కల ప్రకారము నూటికి 81 మంది ఏదో యొక ఆటకు మరలిరి. మునుపటి స్థాయికి చేరినవారు 65 మంది. పోటీలలో మరల నిలిచినవారు 55 మంది మాత్రమే. మోకాలు గట్టిపడినదని వైద్యుడు చెప్పినను మరల తెగునేమోయను భయము వీడక నిలిచిపోయినవారు పెక్కురు. ఆ భయముతోనే బరిలో దిగువారికి గాయము తిరుగబెట్టు ప్రమాదము హెచ్చని చిన్న పరిశోధనలు కొన్ని సూచించుచున్నవి. భయపడు కాలును కాపాడుకొనుచు తక్కిన కాలిపై భారము మోపువాడు రెంటిని కోల్పోవచ్చును. ఈ కారణముననే ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో మోకాటి బలముతో పాటు మనస్సు సిద్ధమైనదో లేదో కొలుచుటకు ప్రశ్నావళి నొకదానిని సిద్ధపరచిరి.

మనవారిలో నాగండ్లలో జన్మించిన పుల్లెల గోపీచంద్ చరిత్ర అందరకు తెలిసినదే. 1994లో జాతీయ క్రీడల జంట ఆటలో తన జోడీదారునితోనే ఢీకొని మోకాలు తెగగొట్టుకొనెను. పలు శస్త్రచికిత్సల పిమ్మట 2001లో ఆల్ ఇంగ్లండు విజేతయయ్యెను. ప్రకాశ్ పడుకోనె 1980లో గెలిచిన పిదప ఆ కీర్తి భారతీయునికి దక్కుట అదియే. ఈ కథను మన పిల్లలకు చెప్పునపుడు చివరి దినమును మాత్రమే చెప్పుచున్నాము. నడుమనున్న ఏడేండ్లను చెప్పుట లేదు. అటులనే 2022లో బర్మింగ్‌హాము కామన్వెల్తు క్రీడలలో పూసర్ల వెంకట సింధు ఎడమకాలి నొప్పితోనే ఆడి స్వర్ణము గెలిచినదని పొంగిపోవుదుము. ఆ నొప్పి ఎముకలో చీలికయని తేలి, ఆ యేటి ప్రపంచ పోటీలకు ఆమె దూరమైనదను రెండవ భాగమును మరచెదము. ఆమె వెనుక వైద్యులున్నారు, అనుభవమున్నది, నిర్ణయము తనది. మన మండల కేంద్రపు బాలునికి ఈ మూడింటిలో ఒక్కటియు లేదు. అతడు ఆమె నొప్పినే అనుకరించును.

ఇక ఉపాయమున్నదా యన్న, ఉన్నదనియే పరిశోధకుల సమాధానము. స్వీడన్ దేశమున జాన్సన్ మొదలగువారు కాలిబంతి ఆటగాండ్రను ప్రశ్నించి, వారిలో గాయపడుటకు హెచ్చు అవకాశము గలవారిని ఎంచి, రెండు భాగములు చేసిరి. ఒక భాగమువారికి ఆరు పర్యాయములు ముఖాముఖి శిక్షణము, రెండు పర్యాయములు టెలిఫోనులో సంభాషణము. నేర్పినదేమి? దేహమును వదులు చేసికొనుట, చింతను గుర్తించి దానితో వ్యవహరించుట, చేరదగిన గమ్యమును నిర్ణయించుకొనుట, ఆటలోను ఇంటిలోను తమను కలచివేసిన సంఘటనలను ఒకరితో చెప్పుకొనుట. 2005లో ప్రకటించిన ఫలితమున, శిక్షణము పొందినవారు పదుముగ్గురిలో పదిమంది గాయము లేక ఆట కాలమును గడపిరి. పొందనివారు పదునార్గురిలో ముగ్గురు మాత్రమే అటుల గడపగలిగిరి. కొద్దిమందిపై జరిగిన ప్రయత్నమే యైనను, పిమ్మట జరిగినవానిలో పెక్కు ఇదే దిక్కును చూపినవి.

దీనికి యంత్రములు అక్కరలేదు, విదేశీ నిపుణులును అక్కరలేదు. పాఠశాల వ్యాయామోపాధ్యాయుడు అభ్యాసమునకు ముందు నిలువబెట్టి, రాత్రి నిద్రించినావా, ఇంట అందరు కుశలమా, ఏ నొప్పియైన నున్నదాయని ఒక్కొక్కని నడిగిన చాలును. సమాధానము బాగులేనివానికి ఆ దినము ఎగురుట, ఢీకొనుట లేని అభ్యాసమీయవచ్చును. పందెములు నడుపు పెద్దలు, ఆటకు ముందు గాని నడుమ గాని తప్పుకొనదలచినవానిని కారణమడుగక తప్పుకొననిచ్చుటయు, అతని స్థానమున వేరొకనిని దింపనిచ్చుటయు నియమములలో వ్రాయింపవచ్చును. గట్టుమీదనుండి గాజుల మాట పలుకువానిని ఆ గట్టునుండి దింపివేయు అధికారమును మధ్యవర్తి కీయవచ్చును. బెజవాడలో గాని గుంటూరులో గాని కుమారుని అకాడమీలో చేర్చు తండ్రి, రుసుము ఎంతయని అడిగిన నోటితోనే, మా వాడు భయమగుచున్నదని చెప్పిన మీరేమి చేయుదురని గూడ అడుగవచ్చును.